ప్రజల భాగస్వామ్యం, ప్రతినిధుల నిర్ణయం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగైదేళ్లకు ఒకసారి ఓటు వేసి, ఆ తరువాతి నిర్ణయాలన్నీ గెలిచినవారికి అప్పగించే పద్ధతిని ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం అంటున్నాం. ఆ మధ్య కాలంలో కూడా తమను అడగాలని, అడిగినప్పుడు తమ మాట ఎంతో కొంత చెల్లాలని ప్రజలు కోరడాన్ని ప్రజా భాగస్వామ్యం అంటున్నాం. రెండూ ప్రజాస్వామ్యం పేరుతోనే నడుస్తాయి గాని, వాటికి ఒకదానితో ఒకటి పొసగని సందర్భాలు తరచుగానే వస్తాయి. ఈ పేచీ గురించి సాధారణంగా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఓటు వేసి ప్రతినిధిని ఎన్నుకున్నాక మళ్లీ ప్రజలను అడగవలసిన పని ఏముంది?

ఓటు ఒక్కటే, విషయాలు వందలు. పన్నులు తగ్గిస్తానన్నందుకు ఒక అభ్యర్థికి ఓటు వేసినవారు, అదే అభ్యర్థి భూసేకరణ విషయంలోనో, బడుల విలీనం విషయంలోనో, పోలీసు అధికారాల విషయంలోనో ఏమి చేసినా ముందే ఒప్పుకున్నట్టు లెక్కవేయడం న్యాయం కాదు. మేనిఫెస్టోలో పేరైనా లేని సమస్యలు పదవీకాలం మధ్యలో వచ్చిపడతాయి. వాటి మీద ఓటరు ఏమనుకుంటున్నాడో ఎన్నికలో ఎక్కడా నమోదు కాలేదు. పైగా కొన్ని నిర్ణయాలను తరువాతి ఎన్నిక సరిదిద్దలేదు. చట్టాన్ని రద్దు చేయవచ్చు, పన్నును తగ్గించవచ్చు. ఆనకట్ట కింద మునిగిన ఊరు, తవ్వేసిన కొండ మాత్రం తిరిగి రావు.

దీనికి తోడు, ఎవరూ అంతగా ప్రస్తావించని కారణం మరొకటి ఉంది. వరద నీరు ఏ వీధిలోంచి ముందు వస్తుందో, చివరి బస్సు వేళ అరగంట ముందుకు జరిపితే రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి ఏమవుతుందో అక్కడ బతికేవారికి తెలిసినంతగా ఏ ఫైలుకూ తెలియదు. కాబట్టి ప్రజలను అడగడాన్ని వారికి ఇచ్చే మర్యాదగా మాత్రమే చూడకూడదు. అడగకపోతే నష్టపోయేది నిర్ణయం కూడా.

అయితే పేచీ ఎక్కడ వస్తుంది?

ఇద్దరూ ప్రజల పేరుతోనే మాట్లాడతారు కాబట్టి వస్తుంది. ఎన్నికైన సభ్యుడు "నాకు ఓటు వేసినవారు లక్ష మంది, ఈ హాలులో ఉన్నది రెండు వందల మంది" అంటాడు. హాలులో కూర్చున్నవారు "ఆ లక్ష మందిలో ఈ పని చేయమని మిమ్మల్ని అడిగినవారు ఎందరు?" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఆంగ్లేయులు తాము స్వతంత్రులమని అనుకుంటారు గాని, పార్లమెంటు సభ్యులను ఎన్నుకునే కొద్ది రోజులు మాత్రమే వారికి స్వాతంత్ర్యం ఉంటుందని, ఎన్నిక ముగియగానే వారు బానిసలేనని 1762లో తత్వవేత్త రూసో రాశాడు. 1787లో అమెరికా కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ, దాన్ని రాసినవారిలో ఒకడైన జేమ్స్ మాడిసన్ దీనికి సరిగ్గా ఎదురు వాదన చేశాడు: ప్రజాభిప్రాయాన్ని ఎన్నికైన కొద్దిమంది వడపోస్తే అది శుద్ధమవుతుందని, విశాలమవుతుందని, జనమంతా ఒకచోట గుమిగూడి తామే నిర్ణయించుకునే చోట ముఠాల ఆవేశానికి అడ్డు ఉండదని ఆయన నమ్మాడు. అయితే ఏ వడపోతలోనైనా జల్లెడ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. ఆనాటి జల్లెడ ఆస్తి ఉన్న మగవారి చేతిలో ఉంది.

నా దృష్టిలో అసలు ముడి అధికారం దగ్గర కన్నా జవాబుదారీతనం దగ్గర ఉంది. తప్పుడు నిర్ణయం తీసుకున్న సభ్యుణ్ణి తరువాతి ఎన్నికలో ఇంటికి పంపవచ్చు. హాలులో చేతులెత్తిన రెండు వందల మంది తప్పు చేస్తే వారిని ఎవరూ ఎక్కడికీ పంపలేరు, ఎందుకంటే వారు ఇప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. అందువల్ల ప్రజలను ఎంత విరివిగా అడిగినా, ఈ నిర్ణయం నాది అని చివరికి సంతకం పెట్టేవారు ఒకరు ఉండాలి. ఆ సంతకం పెట్టేవారు తాము విన్న మాటలకు జవాబు కూడా చెప్పాలి. కింది జవాబులన్నీ ఈ దృష్టితో రాసినవే.

ప్రతినిధి ఓటర్లు చెప్పినట్టు చేయాలా, తన వివేకం ప్రకారం నడుచుకోవాలా?

ఈ ప్రశ్నకు అందరూ ఉదహరించే జవాబు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్‌ది. 1774 నవంబరు 3న, బ్రిస్టల్‌లో తనను గెలిపించిన ఓటర్ల ఎదుటే ఆయన ఒక మాట చెప్పాడు: ప్రతినిధి మీకు తన శ్రమనే కాక తన వివేకాన్ని కూడా ఇవ్వాలి, మీ అభిప్రాయం కోసం ఆ వివేకాన్ని వదులుకుంటే మీకు సేవ చేసినట్టు కాదు, ద్రోహం చేసినట్టు. ఆయనతో పాటు గెలిచిన రెండో సభ్యుడు మాత్రం ఓటర్ల ఆదేశాలకు కట్టుబడతానని చెప్పాడు. అంటే ఈ వాదానికి రెండు కొసలూ ఆ రోజు ఒకే ఊరిలో వినిపించాయి.

తరువాతి కథను అంతగా ఉదహరించరు. ఐర్లండ్ వాణిజ్యం మీద ఆంక్షల సడలింపు, క్యాథలిక్కులకు వెసులుబాటు వంటి విషయాల్లో బర్క్ బ్రిస్టల్ వర్తకులకు నచ్చని వైపు నిలబడ్డాడు. 1780 ఎన్నికలో గెలుపు అసాధ్యమని తెలిసి పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆ తరువాత తన రాజకీయ పోషకుడైన ప్రభువు చెప్పుచేతల్లో ఉన్న మాల్టన్ స్థానం నుంచి పార్లమెంటుకు వెళ్లాడు. ఓటర్ల నుంచి స్వతంత్రంగా ఉండాలనుకున్న సభ్యుడికి చివరికి ఒక పెద్దమనిషి ఆసరా అవసరమైంది.

ఈ రోజుల్లో ఆ పెద్దమనిషి స్థానంలో పార్టీ ఉంది. ఓటరు, అంతరాత్మ అన్న రెండింటి మధ్య ఊగిసలాడే ప్రతినిధి బొమ్మ పాతబడిపోయింది. మూడో యజమాని విప్, అంటే సభలో ఎలా ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశం. భారతదేశంలో 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వాన్నే కోల్పోవచ్చు. ఫిరాయింపులను అరికట్టడానికి తెచ్చిన ఈ నియమానికి వేరే పర్యవసానం కూడా ఉంది: ఒక సభలో ప్రజల మాటలు విని సభ్యుడి మనసు పూర్తిగా మారినా, చట్టసభలో ఆయన ఓటు మారకపోవచ్చు. అటువంటి చోట భాగస్వామ్యం అడ్డుకుంటున్నది ప్రతినిధి వివేకాన్ని అనడం హాస్యాస్పదం.

"ప్రజాభిప్రాయ సేకరణ" అంటే రెఫరెండమేనా?

తెలుగులో ఈ ఒక్క మాటనే రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాం. సగం గందరగోళం అక్కడే పుడుతోంది. ఒక ప్రాజెక్టు మీద సభ పెట్టి, వచ్చినవారి మాటలు రాసుకుని, నిర్ణయాన్ని అధికారులకో మంత్రివర్గానికో వదిలేయడం ఒకటి. పోలింగ్ పెట్టి అవునో కాదో తేల్చడం మరొకటి. మొదటిదానిలో మాట్లాడినవారిలో నూటికి తొంభై మంది వద్దన్నా ప్రాజెక్టుకు అనుమతి రావచ్చు. తాము ఓటు వేసి వచ్చామనుకున్నవారికి అది మోసంలా కనిపిస్తుంది. ఇక్కడ మొదటిదాన్ని అభిప్రాయ సేకరణ అని, రెండోదాన్ని రెఫరెండం అని వేరు చేసి రాస్తున్నాం.

రెఫరెండంలోనూ కట్టుబడి తీరవలసినది, సలహాగా మాత్రమే ఉండేది అని రెండు రకాలున్నాయి. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగినది చట్టప్రకారం సలహా మాత్రమే. ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని 51.9 శాతం మంది ఓటు వేశారు. అయినా పార్లమెంటు చట్టం చేయకుండా ప్రభుత్వం తనంతట తాను నిష్క్రమణ నోటీసు ఇవ్వరాదని 2017 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో సలహాగా ఉన్నది రాజకీయంలో ఆజ్ఞ అయింది: సమాఖ్యలో కొనసాగడమే మేలని నమ్మిన సభ్యులే అత్యధికులు, వారిలో చాలామంది నోటీసుకు అనుకూలంగా ఓటు వేశారు. తరువాత మూడేళ్లు పార్లమెంటు ఎందుకు అంతగా కొట్టుమిట్టాడిందంటే, ప్రజలను అడిగిన ప్రశ్నకు "ఉండాలి, పోవాలి" అన్న రెండే జవాబులున్నాయి. పోతే ఎక్కడికి, ఏ షరతుల మీద అన్నది అడగలేదు కాబట్టి, ప్రతి వర్గమూ ప్రజల ఆజ్ఞ తాము చెప్పినదేనని వాదించగలిగింది.

ప్రాచీన ఏథెన్స్‌లో అందరూ కలిసి నిర్ణయించుకున్నారు కదా?

అందరూ అనడానికి వీల్లేదు. స్త్రీలకు, బానిసలకు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారికి సభలో చోటు లేదు. చోటు ఉన్నవారిలోనూ కొన్ని ముఖ్యమైన విషయాలకు 6,000 మంది హాజరైతే చాలు. సభకు జనాన్ని రప్పించడానికి ఎర్ర రంగు పూసిన తాడుతో అంగడి నుంచి తోలుకొచ్చేవారని ఆ కాలపు ప్రహసనం ఒకటి ఎగతాళి చేసింది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం వచ్చేసరికి హాజరైనందుకు భత్యం కూడా ఇవ్వవలసి వచ్చింది. పాల్గొనడానికి పొద్దు పోతుందని, ఆ పొద్దుకు వెల ఉంటుందని రెండున్నర వేల ఏళ్ల కిందటే గుర్తించారు.

ఆ సభ ముందుకు ఏ విషయం రావాలో సిద్ధం చేసేది చీటీల పద్ధతిలో ఎంపికైన 500 మంది మండలి. అంటే ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు అనుకునే చోట కూడా కొద్దిమంది ముందు కూర్చుని అజెండా రాయక తప్పలేదు.

స్విట్జర్లాండ్‌లో రెండూ కలిసి ఎలా నడుస్తున్నాయి?

అక్కడ పార్లమెంటు ఉంది, చట్టాలు అదే చేస్తుంది. కాని చేసిన చట్టం మీద 100 రోజుల్లో 50,000 సంతకాలు వస్తే అది ప్రజల ఓటుకు వెళ్లాలి. ఈ హక్కు 1874 నుంచి ఉంది. 18 నెలల్లో లక్ష సంతకాలు సేకరిస్తే రాజ్యాంగ సవరణనే ప్రతిపాదించవచ్చు. అది గెలవాలంటే దేశం మొత్తం ఓట్లలోనూ, క్యాంటన్‌ల (అక్కడి రాష్ట్రాల) సంఖ్యలోనూ మెజారిటీ రావాలి. దీని ప్రభావం ఓటింగ్ రోజున కన్నా ముందే కనిపిస్తుంది. ఎవరు సంతకాల సేకరణకు దిగుతారోనన్న భయం ఉన్నందువల్ల, బిల్లు రాసే దశలోనే పార్టీలను, కార్మిక సంఘాలను, యజమానుల సంఘాలను, క్యాంటన్‌లను పిలిచి మాట్లాడడం అక్కడ ఆనవాయితీ అయింది. వాడని కత్తి కూడా పని చేస్తూనే ఉంటుందన్నమాట.

దగ్గరగా చూడవలసినది గ్లారుస్ అనే చిన్న క్యాంటన్. ఏడాదికి ఒకసారి, మే నెల మొదటి ఆదివారం, ఓటర్లు బయలు ప్రదేశంలో వలయాకారంగా గుమిగూడతారు. చర్చకు వచ్చే అంశాల పుస్తకం ముందే ఇళ్లకు చేరి ఉంటుంది. ఏ ఓటరైనా మధ్యకు వచ్చి మాట్లాడవచ్చు, ప్రతిపాదనను మార్చమని కోరవచ్చు. ఓటు వేయడమంటే రంగు కార్డు పైకెత్తడం. ఒక్కొక్కటీ లెక్కపెట్టరు, అధ్యక్షస్థానంలో ఉన్నవారు కంటితో అంచనా వేసి ఫలితం చెబుతారు, తేలకపోతే మరోసారి ఎత్తమంటారు. 2006లో ఇలాంటి సభలోనే 25 మునిసిపాలిటీలను కలిపి పది చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఒక సాధారణ ఓటరు లేచి, పది ఎందుకు, మూడు చాలునన్నాడు. సభ మూడింటికే కార్డులెత్తింది. ఈ సంగతి మింగుడుపడనివారు కూడా ఉన్నారు కాబట్టి మరుసటి ఏడాది ప్రత్యేక సభ పిలిచి మళ్లీ అడిగారు; అదే నిర్ణయం ఇంకా బలమైన మెజారిటీతో నిలిచింది. 2011 నుంచి అక్కడ మూడు మునిసిపాలిటీలే ఉన్నాయి.

బ్రిటన్ రెఫరెండంతో పోలిస్తే తేడా ఇక్కడే తెలుస్తుంది. గ్లారుస్‌లో ప్రజలు జవాబు మాత్రమే చెప్పలేదు, ప్రశ్నను కూడా మార్చారు. అయితే రహస్య ఓటు లేదని, పక్కవాడు చూస్తుండగా చేయెత్తాలని మరిచిపోకూడదు. ఆ పద్ధతి 40,000 జనాభా ఉన్న చోట నడిచింది కాబట్టి నాలుగు కోట్ల మంది ఉన్న చోటా నడుస్తుందని చెప్పలేం.

మెజారిటీ ఓటు వేస్తే, సంఖ్య తక్కువ ఉన్నవారి హక్కుల మాటేమిటి?

ప్రత్యక్ష ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకునేవారు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది. స్విట్జర్లాండ్‌లో స్త్రీలకు జాతీయ స్థాయి ఓటు హక్కు ఇవ్వాలా వద్దా అన్నది పురుషులు ఓటు వేసి నిర్ణయించారు: 1959లో కాదన్నారు, 1971లో అవునన్నారు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ క్యాంటన్‌లో 1990లో కూడా పురుషుల బహిరంగ సభ స్త్రీలకు ఓటు నిరాకరించింది. అదే ఏడాది నవంబరులో ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకున్నాకే అక్కడి స్త్రీలకు క్యాంటన్ స్థాయి ఓటు వచ్చింది. ఆ సభలో భాగస్వామ్యానికి లోటు లేదు. భాగస్వాములెవరో నిర్ణయించే అధికారం కూడా ఆ భాగస్వాముల చేతిలోనే ఉండడం అసలు చిక్కు.

మరోవైపు, ఐర్లండ్‌లో 2015 మేలో స్వలింగ వివాహాలకు 62 శాతం మంది అనుకూలంగా ఓటు వేశారు. కాబట్టి ప్రజలను అడిగితే ఎప్పుడూ అన్యాయమే జరుగుతుందని గాని, ప్రతినిధులైతే ఎప్పుడూ రక్షిస్తారని గాని చెప్పడానికి లేదు. ప్రాథమిక హక్కులను రెండు రకాల మెజారిటీలకూ అందనంత ఎత్తులో ఉంచి, వాటి కాపలాను కోర్టులకు అప్పగించడం ఇప్పటికి తెలిసినంతలో మంచి ఏర్పాటు.

రెఫరెండంలో వచ్చిన తీర్పును చట్టసభ పక్కన పెట్టవచ్చా?

పెట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి, అన్నీ ఒక రకం కావు.

2015 జూలై 5న గ్రీసు ప్రజలు రుణదాతల షరతులను 61 శాతానికి పైగా ఓట్లతో తిరస్కరించారు. వారం తిరిగేసరికి అదే ప్రభుత్వం కఠినమైన షరతులతో కొత్త ఒప్పందానికి అంగీకరించింది. ఐస్‌లాండ్‌లో 2008 ఆర్థిక పతనం తరువాత, 25 మంది సాధారణ పౌరుల మండలి ముసాయిదాను ఇంటర్నెట్‌లో ఉంచి, వ్యాఖ్యలు స్వీకరిస్తూ కొత్త రాజ్యాంగాన్ని రాసింది. 2012 అక్టోబరులో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది దాన్ని ఆధారంగా తీసుకోమన్నారు. పార్లమెంటు దాన్ని ఆమోదించకుండానే వదిలేసింది.

కొలంబియా సంగతి వేరు. 2016 అక్టోబరు 2న తిరుగుబాటుదారులతో శాంతి ఒప్పందాన్ని ప్రజలు 50.2 శాతం ఓట్లతో తోసిపుచ్చారు. పోలైనది 38 శాతం కన్నా తక్కువ. ప్రభుత్వం వ్యతిరేక వర్గంతో చర్చించి, ఒప్పందాన్ని సవరించి, ఈసారి ప్రజల ముందుకు తీసుకుపోకుండా నవంబరులో కాంగ్రెస్‌లో ఆమోదింపజేసుకుంది. అది ప్రజాతీర్పును కాలరాయడమని కొందరు, తీర్పు విని సరిదిద్దడమని కొందరు అన్నారు. నా మొగ్గు రెండో వైపు, ఎందుకంటే అక్కడ వ్యతిరేకుల అభ్యంతరాలను కూర్చుని విన్నారు, ఒప్పందంలో మార్పులు కనిపించాయి, కాంగ్రెస్ తన పేరుతో బాధ్యత తీసుకుంది. ఐస్‌లాండ్‌లో జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం: కాదనడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు, కాలం గడిచిపోయింది.

చీటీలు తీసి ఎంపిక చేసే పౌర సభలు ఈ పేచీని తీరుస్తాయా?

కొంత తీరుస్తాయి, కొంత కొత్తగా తెస్తాయి. పద్ధతి సులభం: జనాభాలోని వయసు, లింగం, ప్రాంతం నిష్పత్తులకు తగినట్టు వంద మంది దాకా లాటరీ ద్వారా ఎంపిక చేసి, నెలల తరబడి వారాంతాల్లో కూర్చోబెట్టి, నిపుణుల మాటలు, బాధితుల మాటలు వినిపించి, సిఫార్సులు రాయిస్తారు. వీరికి మళ్లీ గెలవాలన్న చింత లేదు కాబట్టి మనసు మార్చుకోవడం తేలిక. అదే వారి బలహీనత కూడా, ఎందుకంటే వారు చెప్పినది తప్పయితే అడగడానికి ఎవరూ ఉండరు.

ఐర్లండ్‌లో గర్భస్రావం విషయాన్ని తేల్చడానికి 99 మంది పౌరులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన, 2016 చివరి నుంచి 2017 వసంతం దాకా కూర్చున్నారు. వారి నివేదిక నేరుగా చట్టం కాలేదు. పార్లమెంటు సంయుక్త సంఘం దాన్ని మళ్లీ పరిశీలించింది, ప్రభుత్వం బిల్లు తెచ్చింది, 2018 మే 25న 66.4 శాతం ప్రజలు రాజ్యాంగ నిషేధాన్ని తొలగించడానికి ఓటు వేశారు. పౌర సభ, పార్లమెంటు, ప్రజలు ముగ్గురూ ఒక్కో మెట్టు ఎక్కారు. ఏ మెట్టునూ దాటవేయలేదు. అదే దేశంలో 2024 మార్చిలో కుటుంబం, సంరక్షణ అన్న అంశాల మీద జరిగిన రెండు రెఫరెండంలలో, పౌర సభ సూచించిన దానికన్నా భిన్నమైన మాటలతో ప్రభుత్వం తెచ్చిన సవరణలను ప్రజలు భారీ తేడాతో తిరస్కరించారు. ఒక్క కారణంతో ఓటమిని వివరించలేం గాని, సభ పేరు చెప్పుకుని సభ మాటలు మార్చడం ఎవరికీ మేలు చేయలేదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో 160 మంది పౌరులు కొత్త ఎన్నికల పద్ధతిని సూచించారు. 2005 రెఫరెండంలో 57.7 శాతం మంది సరేనన్నారు, కాని చట్టసభ ముందే పెట్టిన గీత 60 శాతం. ఫ్రాన్సులో 150 మంది పౌరులు వాతావరణ మార్పు మీద 149 ప్రతిపాదనలు చేశారు. వాటిని వడపోత లేకుండా ముందుకు పంపుతానని దేశాధ్యక్షుడు మాట ఇచ్చాడు. తరువాత మూడింటిని మొదట్లోనే పక్కనపెట్టాడు, మిగిలినవాటిలో చాలా చట్టసభకు చేరేసరికి పలచబడ్డాయి. 2021 ఫిబ్రవరిలో చివరిసారి కలిసినప్పుడు ఆ పౌరులు ప్రభుత్వానికి మార్కులు వేశారు. తమ ప్రతిపాదనలను పట్టించుకున్న తీరుకు పదికి నాలుగు కూడా రాలేదు. అధ్యక్షుడు ఆ మాట ఇవ్వకపోయి ఉంటే అదే ఫలితానికి ఇంకొంచెం మంచి మార్కులు వచ్చేవేమో.

అభిప్రాయ సేకరణ సభలకు అసలు వచ్చేది ఎవరు?

పనిరోజు ఉదయం పదకొండు గంటలకు సభ పెడితే ఆ వేళకు ఖాళీ ఉన్నవారు వస్తారు. వేదిక మీద అధికారులు, కింద ముందు వరసలో ప్రాజెక్టు వల్ల లాభపడేవారు, వెనక నష్టపోతామని భయపడేవారు, మధ్యలో ఒకే మైకు. మాట్లాడడానికి మూడేసి నిమిషాలు. మొదటి పది మంది ఎప్పుడూ మాట్లాడేవారే. పదకొండో మనిషి కాగితం చూసి చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యంలో తడబడి, కాగితం మడిచి, తన ఇల్లు పైపు లైనుకు ఎంత దూరమో చేత్తో చూపిస్తుంది. రాసుకునే గుమాస్తా "అభ్యంతరం తెలిపారు" అని ఒక ముక్క రాస్తాడు. ఆ సభలో అధికారులకు నిజంగా తెలియని సంగతి ఆమె చేతిలోనే ఉంది, అది మినిట్స్‌లోకి ఎక్కలేదు.

తీరిక, చదువు, మైకు ముందు ధైర్యం ఉన్నవారికి ఇటువంటి సభలు అదనపు ఓటు ఇస్తాయన్నది ప్రాతినిధ్య పక్షం చేసే బలమైన వాదన. ఓటు పెట్టె దగ్గర కూలికీ యజమానికీ ఒకే ఓటు. హాలులో అలా కాదు. అయితే ఇది మారని ధర్మమేమీ కాదు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరంలో 1989లో ప్రజా బడ్జెట్ పద్ధతి మొదలైనప్పుడు, ఏ పేటకు డ్రైనేజీ, ఏ పేటకు రోడ్డు అన్నది ఆ సభల్లోనే తేలేది కాబట్టి పేదలు, తక్కువ చదువుకున్నవారు పెద్ద సంఖ్యలో వచ్చారు. సభకు వెళితే వీధికి రోడ్డు వస్తుందని తెలిస్తే తీరిక దానంతటదే దొరుకుతుంది. చట్టప్రకారం బడ్జెట్‌ను ఆమోదించేది నగర కౌన్సిలే. ఆ పద్ధతి పాలకులు మారుతున్న కొద్దీ సన్నగిల్లి, 2017లో నిలిచిపోయింది. ఎన్నికైనవారి సంకల్పం మీద నిలబడ్డ భాగస్వామ్యం ఆ సంకల్పంతోనే పోయింది.

మొక్కుబడి సంప్రదింపును ఎలా గుర్తుపట్టాలి?

టెండర్లు పిలిచాక అభిప్రాయాలు అడుగుతున్నారంటే ఇంకేమీ చూడనవసరం లేదు. అంత స్పష్టంగా లేనప్పుడు, ప్రజలు చెప్పే మాట వల్ల మారగలిగినది ఏమిటని నేరుగా అడగాలి. స్థలమా, పరిమాణమా, నష్టపరిహారమా, అసలు ప్రాజెక్టేనా? జవాబు దొరకకపోతే అది తూతూమంత్రమే. ఏదీ మారదని నిజాయితీగా చెప్పి, సమాచారం ఇవ్వడానికి మాత్రమే సభ పెట్టడంలో తప్పు లేదు; మారుతుందని ఆశ పెట్టడంలో ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒడిశాలోని నియమగిరి. అక్కడి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. జిల్లా న్యాయమూర్తి పరిశీలనలో ఆ వేసవి ముగిశాక 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి నిరాకరించింది. ఎవరిని అడుగుతున్నారు, ఏమి అడుగుతున్నారు, వారి జవాబుతో ఏమి చేస్తారు అన్న మూడూ ముందే స్పష్టంగా ఉండడం వల్ల ఆ చిన్న ఊళ్ల మాటకు అంత బరువు వచ్చింది.

ఆన్‌లైన్ సంతకాల వినతిపత్రాల వల్ల ఉపయోగం ఉందా?

విషయాన్ని అజెండాలోకి తేవడానికి ఉంది, నిర్ణయానికి లేదు. బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిలో 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబు ఇస్తుంది, లక్ష వస్తే చర్చకు పరిశీలిస్తారు. 2019లో ఐరోపా సమాఖ్య నుంచి నిష్క్రమణ నోటీసును ఉపసంహరించమని కోరిన వినతిపత్రం మీద 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. చర్చ జరిగింది, నోటీసు అలాగే ఉంది.

నచ్చని ప్రతినిధిని మధ్యలోనే వెనక్కి పిలిచే హక్కు ఉంటే సరిపోదా?

ఈ హక్కు వినడానికి ఎంత బాగుంటుందో, వాడకంలో అంత పదునుగా ఉండదు. కాలిఫోర్నియాలో 1911 నుంచి ఉంది. గవర్నర్ మీద అది నెగ్గినది 2003లో ఒక్కసారే, 2021లో మరో గవర్నర్ దాని నుంచి బయటపడ్డారు. వెనక్కి పిలవడం మనిషిని మారుస్తుంది గాని, ఆ మనిషి ఏ విషయం మీద ఎవరి మాట వినలేదో దాన్ని సరిచేయదు. సంతకాల సేకరణకు డబ్బు కావాలి, కాబట్టి డబ్బు ఉన్నవారి కోపానికే ముందు దారి దొరుకుతుంది. అవినీతి, నేరం వంటి సందర్భాలకు పరిమితం చేస్తే మేలు.

పన్నులు, ఖర్చుల వంటి విషయాలు ప్రజలకు వదిలేస్తే ఖజానా ఖాళీ కాదా?

ఈ భయానికి ఆధారం కాలిఫోర్నియా. 1978 జూన్‌లో అక్కడి ఓటర్లు 13వ ప్రతిపాదనను ఆమోదించారు: ఆస్తి పన్ను విలువలో ఒక శాతానికి మించకూడదు, అంచనా విలువ ఏడాదికి రెండు శాతం కన్నా పెరగకూడదు, రాష్ట్ర పన్నులు పెంచాలంటే చట్టసభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఓటర్లు ఒక రోజు పన్ను మీద, మరో రోజు ఖర్చు మీద విడివిడిగా ఓటు వేయవచ్చు; రెండింటినీ ఒకే కాగితం మీద కూడి చూడవలసిన కర్మ ప్రతినిధిది. అయితే ప్రజలు ఎప్పుడూ తమకు లాభమైనదే కోరుకుంటారన్న మాట కూడా నిలవదు. 2012 మార్చిలో ఉద్యోగులందరికీ ఏడాదికి ఆరు వారాల సెలవు ఇవ్వాలా అని అడిగితే స్విస్ ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ప్రశ్నలోనే ఖర్చు కనిపించేలా అడిగితే జవాబు కూడా బాధ్యతగానే వస్తుంది.

విన్నాక కూడా కాదనే హక్కు ప్రతినిధికి ఉందా?

ఉంది, ఉండాలి. ఊరికి ఎగువన ఉన్నవారు కోరినది దిగువన ఉన్నవారిని ముంచవచ్చు. సభకు రానివారి తరఫున, ఇంకా పుట్టనివారి తరఫున ఆలోచించవలసినది ప్రతినిధే. కాని కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో, ఏ వాదన విన్నారో, దేనికి ఎక్కువ బరువు ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం ఉంటే తరువాతి ఎన్నికలో ఓటరుకు అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

బెల్జియంలో జర్మన్ మాట్లాడే చిన్న ప్రాంతం దీన్ని నియమంగా మార్చింది. అక్కడ 2019 నుంచి 24 మంది పౌరుల శాశ్వత మండలి ఉంది. చర్చకు అంశాన్ని ఆ మండలి ఎంచుకుంటుంది, దాని మీద లాటరీ ద్వారా ఎంపికైన పౌర సభ సిఫార్సులు చేస్తుంది. పార్లమెంటు సంఘం, సంబంధిత మంత్రి ఆ పౌరులతో బహిరంగంగా కూర్చుని ఒక్కొక్క సిఫార్సుకు జవాబు చెప్పాలి, ఒప్పుకోనిదానికి కారణం చూపాలి. ఒప్పుకున్నవి ఎంతవరకు అమలయ్యాయో చెప్పడానికి తరువాత మళ్లీ వారి ఎదుటికి రావాలి. నిర్ణయం మాత్రం పార్లమెంటుదే. తొలి సభకు ఆ మండలి ఎంచుకున్న అంశం రాజ్యాంగమూ కాదు, ఎన్నికల సంస్కరణా కాదు: ఒకరి సాయం లేనిదే గడవని రోగులు, వృద్ధుల సంరక్షణ, ఆ పని చేసే సిబ్బంది పరిస్థితులు.